సిరా వంశం

ఒకటే వాక్యం. పుట తిప్పితే మళ్లీ అదే వాక్యం. ఫలానా నాడు, ఫలానా దంపతుల బిడ్డకు, ఫలానా ఇద్దరు జ్ఞానతల్లిదండ్రులుగా నిలవగా, ఫలానా పేరుతో జ్ఞానస్నానం జరిగింది. భాష లాటిన్. రాత ఈక కలంతో. ఒకప్పుడు నల్లగా ఉండి ఇప్పుడు గోధుమ రంగుకు తిరిగిన సిరా. బెల్జియం దేశపు పాత చర్చి రిజిస్టర్లు దాదాపు అన్నీ ఇంతే. విశేషణం ఉండదు, ఉపమ ఉండదు, ఎవరూ నోరు విప్పి మాట్లాడరు. ఒక ఫ్లెమిష్ కుటుంబాన్ని దాని మూలపురుషుడి దాకా వెతుక్కుంటూ పోవాలంటే ఈ వాక్యాల మీదుగానే నడవాలి. ఆ నడకలో దొరికే రసం సామాన్యమైనది కాదు.

రసం పుట్టాలంటే విభావం, అనుభావం, వ్యభిచారి భావం కలవాలన్నాడు భరతుడు. రిజిస్టరు రాసిన పాదిరికి ఆ సూత్రంతో పనిలేదు. అతను విభావాన్ని మాత్రం పెట్టి లేచిపోయాడు. ఒక తల్లి, ఒక తండ్రి, ఒక బిడ్డ, ఒక తేదీ. కన్నీరు, కంపం, గద్గదస్వరం అనే అనుభావాలు పద్దులోకి రావు. ఆరు రోజుల తర్వాత మరణాల పుస్తకంలో అదే పేరు కనబడుతుంది. మరుసటి ఏడో ఆపై ఏడో పుట్టిన బిడ్డకు మళ్లీ అదే పేరు పెట్టి ఉంటుంది. ఈ మూడు పద్దుల మధ్య జరిగినదంతా చదివేవాడి గుండెలోనే జరగాలి. దీన్ని ధ్వని అనవచ్చా? ధ్వనింపజేయాలనుకున్న కవి ఇక్కడ లేడు. అయినా ధ్వనిస్తోంది. ఆనందవర్ధనుడు ఒప్పుకోకపోతే పోనీ, నేను ఒప్పుకుంటాను.

ఈ పుస్తకాలు పుట్టిన కారణంలో కవిత్వమేమీ లేదు. రహస్య వివాహాలను అరికట్టాలని 1563లో ట్రెంట్ మహాసభ ప్రతి విచారణకూ, అంటే ప్రతి చర్చి పరిధికీ, పెళ్లిళ్ల పుస్తకం ఉండాలంది. జ్ఞానతల్లిదండ్రుల వరస కూడా పెళ్లికి అడ్డే కాబట్టి ఎవరికి ఎవరు నిలబడ్డారో రాయమంది. 1614 నాటి రోమన్ విధి గ్రంథం మరణాల పద్దు కూడా అడిగింది. 1796లో ఫ్రెంచి పాలకులు వచ్చి, ఇక జననమరణాలు రాయడం పాదిరి పని కాదు, పురపాలకుల పని అన్నారు. రెండు శతాబ్దాలకు పైగా వరుసలు కలవకుండా కాపలా కాసిన పుస్తకాలు, ఇప్పుడు వరుసలు కలుపుకోవడానికి పనికొస్తున్నాయి.

ఉదాహరణకు వాన్ బీథోవెన్ కుటుంబాన్ని తీసుకుందాం. సంగీతకారుడు లుడ్విగ్ జర్మనీలోని బాన్ నగరంలో పుట్టాడు, వియన్నాలో పోయాడు. ఇంటిపేరు మాత్రం జర్మన్ కాదు, ఫ్లెమిష్ సీమది. ఆ రోజుల లెక్కలో చెప్పాలంటే బ్రబాంట్ ప్రాంతపుది. ఇప్పటి లెక్కలో ఆ కుటుంబపు పాత ఊళ్లు ఫ్లాండర్స్‌లోనే ఉన్నాయి కాబట్టి ఈ తేడా మీద తగవు పెట్టుకోనక్కర్లేదు.

బాన్ నగరంలో 1770 డిసెంబర్ 17న అతని జ్ఞానస్నానం. పద్దు స్పష్టంగా ఉంది. తాత పేరే మనవడికి పెట్టారు, ఆ తాతే జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. ఈ పద్దుతో తగువు పడ్డవాడు మాత్రం ఎవరో పరాయి పండితుడు కాదు, సాక్షాత్తూ బీథోవెనే. 1810లో పెళ్లి ఆలోచనలో ఉండి, బాన్ ప్రాంతపు చిన్ననాటి మిత్రుడు వెగెలర్‌ను తన జ్ఞానస్నాన పత్రం సంపాదించి పంపమన్నాడు. తనకు ముందు లుడ్విగ్ మరియా అని ఒక అన్న పుట్టి పోయాడు, ఆ పద్దు చూసి పొరబడవద్దని హెచ్చరించాడు కూడా. ఆ అన్నకు 1769 ఏప్రిల్‌లో జ్ఞానస్నానమైంది, ఆరు రోజులే బతికాడు. పత్రం వచ్చింది. 1770 అని ఉంది. తను 1772లో పుట్టానని నమ్మినవాడు దాన్ని ఒప్పుకోలేదు, ఆ కాగితం మీదే తన అభ్యంతరం రాసి పెట్టుకున్నాడు. అన్న వయసు తన నెత్తిన పడిందని అతని అనుమానం. చనిపోయిన శిశువుకూ బతికి ఉన్న మహానుభావుడికీ మధ్య ఒక రిజిస్టరు పుట మీద జరిగిన ఈ గొడవలో హాస్యం ఎక్కడ ఆగి కరుణ ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం నా వల్ల కాదు.

బాన్ నుంచి వెనక్కి నడిస్తే తండ్రి యోహాన్, ఆయన తండ్రి లోడెవైక్, అంటే ఫ్లెమిష్ నోట లుడ్విగ్. తాత మీదే ప్రేమ నిలిచింది మనవడికి. ఆయన చిత్రపటాన్ని వియన్నాకు తెప్పించుకుని దగ్గర పెట్టుకున్నాడు. ఈ తాత బాస్ గాయకుడు, 1733లో బాన్ ఆస్థానానికి వచ్చాడు, 1761లో అక్కడే సంగీత ప్రధానుడయ్యాడు. ఎక్కడి నుంచి వచ్చాడు?

ఈ ప్రశ్న దగ్గరే వంశాన్వేషణ కళ తన పూర్తి సొగసు చూపిస్తుంది. 19వ శతాబ్దంలో రాసినవాళ్లకు ఆంట్వెర్ప్ నగర రిజిస్టర్లలో ఒక లోడెవైక్ వాన్ బీథోవెన్ దొరికాడు. 1712 డిసెంబర్ 23న జ్ఞానస్నానం. వయసు సరిపోయింది, పేరు సరిపోయింది. ఇంట్లో గొడవపడి ఊరు విడిచిన కుర్రవాడని ఒక కథ కూడా తగిలించారు. కథ బాగుంది కాబట్టి చాలాకాలం నిలబడింది. మెహెలెన్ నగరంలో రేమాన్ వాన్ ఆర్డె అనే పరిశోధకుడు పాత కాగితాలు తిరగేసి 1927లో వేరే మాట చెప్పాడు. అక్కడా ఒక లోడెవైక్ వాన్ బీథోవెన్ ఉన్నాడు. అదే 1712, జనవరి 5న జ్ఞానస్నానం. తండ్రి మిఖీల్, రొట్టెలు కాల్చేవాడు. తల్లి మరియా లూయిసా స్టైకెర్స్.

ఒకే పేరు, ఒకే సంవత్సరం, ఇద్దరు పిల్లలు. ఎవరు మనవాడు? జ్ఞానస్నాన పుస్తకం దీనికి జవాబు చెప్పదు, దాని బాధ్యత అక్కడికి తీరిపోయింది. జవాబు మిగతా కాగితాల్లోంచి రావాలి. మెహెలెన్ పిల్లవాడు 1717లో, ఇంకా ఆరేళ్లు నిండకుండానే, సెయింట్ రంబోల్డ్ చర్చి గాయక బృందంలో చేరాడు. 1725లో తండ్రి ఒక సంగీత గురువుతో ఒప్పందం రాయించి ఆర్గన్ నేర్పించాడు. 1731లో లూవెన్‌లో గాయకుడు, 1732లో లియెజ్‌లో, ఆ మరుసటి ఏడు బాన్‌లో. ఊరి తర్వాత ఊరు, సంతకం తర్వాత సంతకం, ఎక్కడా అతుకు కనబడదు. అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం మరణాల పుస్తకంలో దొరికింది. మెహెలెన్ రొట్టెలవాడు మిఖీల్, అతని భార్య, ఇద్దరూ 1749లో కన్ను మూసింది బాన్‌లోనే. ముసలితనంలో కొడుకుల దగ్గరికి చేరారన్నమాట.

ఆ రొట్టెలవాణ్ని కాస్త చూడాలి. కాగితాల్లో ఆయన నిండైన మనిషి. రొట్టెలతో ఊరుకోలేదు, ఇళ్లు కొన్నాడు, సామాను అమ్మాడు, చిత్రపటాల బేరం చేశాడు, చివరికి మెహెలెన్‌కు ప్రసిద్ధి తెచ్చిన లేసు వ్యాపారంలోనూ దిగాడు. దిగి మునిగాడు. అప్పులవాళ్లు కోర్టుకెక్కారు. 1741 ప్రాంతంలో ఊరు విడిచి సరిహద్దు దాటి బాన్‌కు పోయాడు. పుణ్యాత్ముల గురించి పాత రికార్డులు ఒక్క వరుసతో సరిపెడతాయి, అప్పులవాళ్ల గురించి కట్టలు కట్టలు రాస్తాయి. మంచి చేసుకున్నవాడు పుట్టాడు, పెళ్లాడాడు, పోయాడు. చెడ్డపడినవాడు బతికాడు! ఈ అన్యాయంలో ఒక ఔచిత్యం ఉంది. ఎవరి గురించి ఎక్కువ కాగితాలు మిగిలాయో వాళ్ల మీదే మనకు ప్రేమ పుడుతుంది. లోడెవైక్ ఎంత గొప్ప గాయకుడైనా నాకు మాత్రం మిఖీల్ ఎక్కువ దగ్గరివాడు.

మిఖీల్ తండ్రి కోర్నెలిస్. 1641లో లూవెన్ దగ్గరి బెర్టెమ్ గ్రామంలో పుట్టి మెహెలెన్ చేరినవాడు. ఆయన తండ్రి మార్కస్, ఆయన తండ్రి హెండ్రిక్. ఇక్కడ నడక వేగంగా సాగిపోతుంది. పల్లెటూళ్ల మనుషులు, ఒక్కొక్కరి గురించి నాలుగు వరుసలకు మించి లేదు. వెనక్కి పోయేకొద్దీ పుస్తకాలు పలచబడతాయి. ఎలుకలు, తేమ, దండయాత్రలు వాటి వాటా అవి తీసుకున్నాయి. 1695లో ఫ్రెంచి సైన్యం బ్రస్సెల్స్ మీద ఫిరంగులు పేల్చినప్పుడు నగర సభాభవనంతో పాటు అందులోని దస్తావేజులు కాలిపోయాయి. 16వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి చాలా పల్లెల్లో చర్చి పుస్తకమే ఉండదు. అక్కడ వంశం వెతికేవాడు దేవుడి గుమ్మం వదిలి భూమి గుమ్మం తొక్కాలి.

అక్కడ ప్రతి ఊరికీ స్కేపెన్లు అనే న్యాయపెద్దలు ఉండేవారు. పొలం అమ్మకం, తాకట్టు, అన్నదమ్ముల పంపకం, అనాథ పిల్లల ఆస్తి అన్నీ వాళ్ల ఎదుట జరిగేవి, వాళ్ల గుమస్తా పుస్తకంలో ఎక్కేవి. ఇక్కడ భాష లాటిన్ కాదు, ఆ నేల మాట. నిర్మాణం చూస్తే మన దస్తావేజు రచయితలకు పరిచయం అక్కర్లేదు. ఎవరు హాజరయ్యారు, ఏ పొలం, ఎంత విస్తీర్ణం, ఇక చెక్కుబందీ: ఒకవైపు ఫలానావాడి పొలం, మరోవైపు వాగు, ఇంకోవైపు చర్చి మాన్యం, నాలుగోవైపు వీధి. రాయడం రానివాళ్లు శిలువ గుర్తు గీసేవారు. చెక్కుబందీలోని రసం ఏమిటంటే, మనిషి గురించి ఒక్క మాట చెప్పకుండా అతని చుట్టూ లోకాన్ని నిలబెడుతుంది. పొరుగువాడి పొలానికి హద్దుగా మాత్రమే పేరు మిగిలినవాళ్లు వేలమంది ఉంటారు. వాళ్లు ఏమీ అమ్మలేదు, కొనలేదు, కోర్టుకు పోలేదు, పక్కన ఉన్నారు. ఉండటం ఒక్కటే వాళ్ల చరిత్ర.

వాన్ బీథోవెన్ వంశం కాంపెన్‌హౌట్ గ్రామంలో ఇలాంటి నేల మీదే ఆగుతుంది. బ్రస్సెల్స్, లూవెన్, మెహెలెన్ మూడు నగరాల మధ్య ఉన్న పల్లె అది. అక్కడ ఆర్ట్ అనే రైతు. దాదాపు 1535లో పుట్టాడు, 1609లో పోయాడు. లుడ్విగ్‌కు ఏడు తరాల పైవాడు.

ఈ ఆర్ట్ ముఖం ఎలా ఉండేదో ఏ కాగితమూ చెప్పదు. అయితే అతను బతికిన లోకం ముఖం మనకు బాగా తెలుసు. అతనికి ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి, పెద్ద పీటర్ బ్రూగెల్ బ్రస్సెల్స్‌లో కాపురం పెట్టి బ్రబాంట్ పల్లెలను గీస్తున్నాడు. 1566లో ఆయన గీసిన బొమ్మ ఒకటి బ్రస్సెల్స్ రాయల్ మ్యూజియంలో ఉంది. దాని విషయం బేత్లెహేములో జనాభా లెక్క. బైబిలు కథలో రోమన్ చక్రవర్తి ఆజ్ఞ మీద అందరూ పేర్లు రాయించుకోవడానికి పోతారు, యోసేపు గర్భిణి మరియమ్మను తీసుకుని పోతాడు. బ్రూగెల్ ఆ కథను పట్టుకొచ్చి మంచులో మునిగిన బ్రబాంట్ పల్లె మధ్యలో దింపాడు.

పాత రికార్డుల మీద ప్రేమ ఉన్నవాళ్లకు ఇంతకన్నా గొప్ప బొమ్మ లేదు. ఎడమ పక్కన సత్రం. దాని కిటికీ దగ్గర గుంపు. లోపల బల్ల వెనక కూర్చున్న గుమస్తా పుస్తకంలో రాసుకుంటున్నాడు, ఇంకొకడు డబ్బు తీసుకుంటున్నాడు. గోడ మీద హాప్స్‌బర్గ్ రాజచిహ్నం, అంటే లెక్క రోమ్‌ది కాదు, స్పెయిన్ రాజుది. ఆ ఏళ్లలో పన్నుల మీద రగులుతున్న కోపాన్ని ఇందులో చదివినవాళ్లు చాలామంది. ఆ చదువు తప్పు కాదు గానీ అక్కడే ఆగితే బొమ్మ సగమే కనబడుతుంది. సత్రం ముందే పందిని కోస్తున్నారు, ఒకామె రక్తం పట్టడానికి పెనం చాచింది. మంచు మీద పిల్లలు జారుతున్నారు, మంచుముద్దలు విసురుకుంటున్నారు. ఆకులు రాలిన చెట్టు కొమ్మల వెనక ఎర్రటి సూర్యుడు దిగిపోతున్నాడు. ఇంత సందడిలో, ఎవరూ తలెత్తి చూడకుండా, భుజాన పొడుగాటి రంపం మోసుకుంటూ ఒక వడ్రంగి గాడిద మీద కూర్చున్న భార్యను నడిపించుకుపోతున్నాడు. పుస్తకంలో ఎక్కబోయే కోటానుకోట్ల పేర్లలో వాళ్లవీ రెండు.

బ్రూగెల్ కన్ను ఎక్కడ నిలబడిందో గమనించాలి. కిటికీ లోపల కాదు, బయట. గుమస్తాకు కనబడేవి పేర్లు, చిత్రకారుడికి కనబడేవి చేతులు, వీపులు, టోపీలు, పంది, పొగ. రిజిస్టరు ఏం వదిలేసిందో ఆ వదిలేసినదంతా గీశాడాయన. అనుభావాలన్నీ ఇక్కడున్నాయి. చర్చి పుస్తకంలో విభావం, బ్రూగెల్ పలకలో అనుభావం. రెండూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడే కాంపెన్‌హౌట్ ఆర్ట్‌కు ప్రాణం వస్తుంది. మంచులో కిటికీ దగ్గర వంతు కోసం నిలబడ్డ ఆ వీపుల్లో అతని వీపు ఏదైనా కావచ్చు. చమత్కారమేమిటంటే, లెక్క రాసే దృశ్యాన్ని ఇంత ప్రేమగా గీసినవాడి పుట్టుక పద్దే దొరకలేదు. 1551లో ఆంట్వెర్ప్ చిత్రకారుల సంఘం పుస్తకంలో పేరెక్కడంతో బ్రూగెల్ చరిత్ర మొదలవుతుంది. అంతకు ముందు కాగితం దాదాపు ఖాళీ.

ఆర్ట్ భార్య యోసీనె వాన్ ఫ్లాస్సెలార్. ఆమె గురించి రాయడానికి చెయ్యి కాస్త వెనకాడుతుంది. 1595లో ఆమెను మంత్రగత్తె అన్నారు. బ్రస్సెల్స్‌లో నిప్పుల్లో కాల్చారు. ఈ వంశంలో ఆ పాత కాలంలో అందరికన్నా స్పష్టంగా కనబడే స్త్రీ ఆమే, కారణం అదే. సుఖంగా ముసలిదై పోయి ఉంటే ఆమె పేరు భర్త పేరు వెనక ఒక మూల ఉండేది. ఆ కాలపు అధికారులు శిక్షల ఖర్చు లెక్క రాసేవారు. తలారి కూలి ఎంత, కట్టెల ధర ఎంత, కావలివాళ్ల భోజనం ఎంత. ఆ లెక్కల్లో కోపం ఉండదు, జాలీ ఉండదు. కట్టెల ధర దగ్గర కలం ఎక్కడా వణకదు. భయానక రసానికి మహాకవులు ఎంతో సామగ్రి సమకూర్చారు, అయినా స్థిరంగా సాగే గుమస్తా దస్తూరి కన్నా భయంకరమైనది నేను చదవలేదు. భార్యను అలా పోగొట్టుకున్నాక ఆర్ట్ మరో 14 ఏళ్లు బతికాడు. ఆ 14 ఏళ్లు ఏ రసమో పేరు పెట్టను.

కథ ఇక్కడితో సరిపోయేది. 2023 మార్చిలో ఒక శాస్త్ర పత్రికలో వచ్చిన పరిశోధన కొత్త ప్రశ్న వేసింది. బీథోవెన్‌వని చెప్పుకునే 8 జుట్టు పాయలను పరీక్షించారు, 5 నమ్మదగినవని తేల్చారు. ఇటు బెల్జియంలో ఇప్పటికీ వాన్ బీథోవెన్ అనే ఇంటిపేరున్న అయిదుగురు మగవాళ్ల జన్యువులనూ చూశారు. పాత కాగితాల ప్రకారం ఆ అయిదుగురూ, సంగీతకారుడూ ఆర్ట్ దగ్గరే కలుస్తారు. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వచ్చే వై క్రోమోజోము అయిదుగురిలో ఒకటే ఉంది. లుడ్విగ్ జుట్టులో ఉన్నది వేరు. అంటే 1572 ప్రాంతంలో హెండ్రిక్ తల్లి కడుపున పడ్డప్పటి నుంచి 1770 దాకా, ఆ ఏడు తరాల్లో ఎక్కడో ఒకచోట, పుస్తకంలో తండ్రి అని రాసినవాడు కన్నతండ్రి కాదు.

ఈ వార్త రాగానే లోకం చెవులు కొరుక్కుంది. నాకు ఆ ఉత్సాహం అర్థం కాలేదు. ఏడుగురు తల్లుల్లో ఒకరికి తెలిసిన సంగతి అది. ఆమె ఇష్టమో, ఆమె మీద జరిగిన బలాత్కారమో, పాదిరి అడగలేదు, ఆమె చెప్పలేదు. జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఒక మగవాడు నిలబడి ఈ బిడ్డ నావాడు అన్నాడు, కలం రాసుకుంది. రిజిస్టరు అబద్ధమాడిందనేవాళ్లకు దాని పని ఏమిటో తెలియదు. అది రక్తానికి సాక్ష్యం చెప్పే పుస్తకం కాదు, ఒప్పుకోలుకు సాక్ష్యం చెప్పే పుస్తకం. రక్తం ఒకచోట తెగింది. సిరా ఎక్కడా తెగలేదు. అప్పుల్లో మునిగిన మిఖీల్ కొడుక్కి సంగీతం చెప్పించడానికి రాయించిన 1725 నాటి ఒప్పందం ఏ క్రోమోజోములోనూ లేదు, అది లేకపోతే బాన్ లేదు, ఆ మనవడూ లేడు.

ఇదే వంశంలో కాగితానికీ మనిషికీ మధ్య ఇంకో పేచీ వచ్చింది. 1818లో వియన్నాలో, తమ్ముడి కొడుకు సంరక్షణ కోసం బీథోవెన్ ఉన్నత కులీనుల కోర్టులో వ్యాజ్యం నడుపుతున్నాడు. పేరులో వాన్ ఉంది కాబట్టి కులీనుడని అందరూ అనుకున్నారు, ఆయనా కాదనలేదు. కులీనతకు పత్రం చూపమంటే ఆయన దగ్గర లేదు. ఫ్లెమిష్ సీమలో వాన్ అంటే ఫలానా ఊరివాడని మాత్రమే, రైతుకూ ఉంటుంది, రొట్టెలవాడికీ ఉంటుంది. కేసును సామాన్యుల కోర్టుకు మార్చారు. ఆయన అవమానంతో కుమిలిపోయాడు. చూపించడానికి చేతిలో ఏమీ లేదని ఆయన కుమిలిపోయిన రోజునే, మెహెలెన్‌లో, కాంపెన్‌హౌట్‌లో, ఆయన తాతల పేర్లు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. వాటిలో కులీనత లేదు. రొట్టె పిండి, పొలం హద్దులు, అప్పు పత్రాలు, ఒక చితి ఉన్నాయి. వియన్నా కోర్టుకు అవి పనికొచ్చేవి కావు. రసికుడికి ఏ రాజపత్రం కన్నా అవే ఎక్కువ.

ఈ పుస్తకాలు చూడటానికి ఇప్పుడు బెల్జియం పోనక్కర్లేదు. ఆ దేశపు ప్రభుత్వ పురాభిలేఖాగారం చర్చి రిజిస్టర్ల పుటలను ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. లాటిన్ రాదని వెనకాడకండి, వాక్యం ఒకటే కాబట్టి పది పద్దులు చదివేసరికి పదకొండోది దానంతటదే అర్థమవుతుంది. మెహెలెన్, 1712 జనవరి దగ్గర మొదలుపెట్టండి.